ముగ్గురు రావులు, ఒక రత్నకుమారి

లైబ్రేరియన్ అంటే పుస్తకాల మీద దుమ్ము దులిపే మనిషని మా అత్తగారి నమ్మకం. పెళ్ళయిన కొత్తలో ఎవరడిగినా "మా కోడలు బందరు కాలేజీలో పుస్తకాలు సర్దుద్దండీ" అని చెప్పేది. నేనెప్పుడూ కాదనలేదు. చాలాకాలం నా పని నిజంగా అదే. పొద్దున్నే గుడివాడలో పాసింజరెక్కి బందరులో దిగడం, పుస్తకాలు సర్దడం, సాయంత్రం అదే పాసింజర్లో ఇల్లు చేరడం. ఉద్యోగం చివరి ఏళ్ళలో మాత్రం పుస్తకాలు సర్దడం తగ్గి, మనుషుల్ని సర్దడం మొదలైంది. ఏ లెక్చరరు ఎన్ని పరిశోధన పేపర్లు రాశారు, వాటిని లోకంలో ఎంతమంది పట్టించుకున్నారు, ఎవరు పై మెట్టు, ఎవరు కింది మెట్టు అని తూకం వేసే పని నా నెత్తిన పడింది.

ఇప్పుడు లైబ్రరీ కోర్సు పూర్తిచేసి ఈ ఉద్యోగంలోకి వస్తున్న పిల్లలు ఫోన్ చేసి "మేడమ్, ఏ సాఫ్ట్‌వేరు నేర్చుకోమంటారు?" అని అడుగుతుంటారు. సాఫ్ట్‌వేరుదేముంది, వారంలో వస్తుంది. వారంలో రానిది వేరే ఉంది. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతులు, అరియర్ల సంగతులు ఇందులో వెతక్కండి.

చదివింపులు

సైటేషన్ అంటే ఏమిటో ముందు చెప్పాలి. ఒక పరిశోధకుడు పేపరు రాసి, చివర్లో "ఫలానా వాళ్ళు ఇంతకుముందు చెప్పిన సంగతి నాకు పనికొచ్చింది" అని పేర్లు ఇస్తాడు. అలా పేరు వచ్చిన ప్రతిసారీ ఆ ఫలానా వాళ్ళ ఖాతాలో ఒక సైటేషన్ పడుతుంది. ఈ లెక్కలు కట్టే పెద్ద పెద్ద కంప్యూటరు వ్యవస్థలు ఎక్కడో ఉన్నాయి. మేం చందా కట్టి వాటిలోకి తొంగిచూస్తాం.

మా అత్తగారికి ఇది చెబితే ఠక్కున అర్థమైపోయింది. "ఓస్, పెళ్ళిలో చదివింపులేగా!" అంది. మైకులో పేరు చదువుతారు, ఎవరికి ఎక్కువ చదివితే వాళ్ళు గొప్ప. నిజం చెప్పాలంటే ఆవిడ అన్నది నేననుకున్న దానికంటే లోతైన మాట. నువ్వు మా ఇంట్లో చదివిస్తే నేను మీ ఇంట్లో చదివిస్తాను. మా కాలేజీలోనే కొందరు మిత్రులు జట్టుకట్టి, ఒకరి పేపర్లో ఇంకొకరి పేరు పండక్కి పప్పన్నం వడ్డించినట్టు వడ్డించుకునేవారు. ఇంకొకాయన ఉన్నాడు, ఆయనకి జట్టు కూడా అక్కర్లేదు, తన డప్పు తనే కొట్టుకునేవాడు. ఆయన పేపరు చివర పేర్లన్నీ ఆయనవే. ఒకసారి నవ్వాపుకోలేక "అదేంటండీ, వేరే ఎవరూ ఏమీ రాయలేదా?" అని అడిగాను. "నా సబ్జెక్టులో నాకంటే తెలిసినవాళ్ళు లేరు పద్మావతి గారూ" అన్నాడు, కళ్ళు ఆర్పకుండా.

ఇలాంటివాళ్ళ మీద నాకు పెద్ద కోపం లేదు. ఊరంతా చదివింపులు లెక్కపెడుతుంటే మనిషి ఏం చేస్తాడు? నా కోపమంతా లెక్కపెట్టి, అదే చదువనుకునేవాళ్ళ మీద.

ఇద్దరు పెద్దలు

నేను చేరినప్పుడున్న ప్రిన్సిపాలు గారు పాతకాలం మనిషి. ఎవరైనా పేపరు అచ్చయిందని పట్టుకెళితే, కుర్చీ చూపించి "కూర్చోండి, ఇందులో ఏం చెప్పారో నాకర్థమయ్యేట్టు చెప్పండి" అనేవారు. ఆయనది ఇంగ్లీషు సబ్జెక్టు, వచ్చింది ఫిజిక్సాయన అయినా సరే. చెప్పలేకపోతే "టీ తాగి వెళ్ళండి" అని పంపించేవారు. టీ తాగి బయటికొచ్చినవాడి మొహం చూడాలి! స్టాఫ్ రూంలో "టీ తాగించారా?" అంటే తిట్టుతో సమానం. ఆయనకి లెక్కలు రావు. కానీ ఎవరి పేపర్లో సరుకుందో ఆయనకి తెలిసినట్టు ఆ తర్వాత ఎవరికీ తెలియలేదు.

నా ఉద్యోగం చివర్లో వచ్చినవారు సత్యనారాయణ గారు, రీసెర్చి డీన్. పనిమంతుడు. చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పాలి. అయితే ఆయనకి చదివే తీరిక లేదు. ప్రతి మనిషికీ ఒక అంకె కావాలి. స్టాఫ్ రూం గోడకి పెద్ద బోర్డు పెట్టించి, అందరి పేర్లూ సైటేషన్ల వరసలో రాయించారు. తెలుగు, గణితం, బోటనీ, కెమిస్ట్రీ, అందర్నీ ఒకే గాటన కట్టేశారు.

"ఇది న్యాయం కాదండీ" అన్నాను ఆయనతో. "ఒక్కో సబ్జెక్టు తీరు ఒక్కోటి. కెమిస్ట్రీ ఆకుకూరండి. విత్తనం చల్లితే నెల తిరక్కుండా కోతకొస్తుంది. పేపరుకి పదిమంది కలిసి రాస్తారు, పేపరు చివర బారెడు పేర్లిస్తారు. గణితం తాటిచెట్టు. ఒక్కడే కూర్చుని ఏళ్ళ తరబడి రాస్తాడు, పట్టించుకునేవాడు ఎప్పుడో ఇంకో తరంలో పుడతాడు. తెలుగు డిపార్టుమెంటువాళ్ళు పుస్తకాలు రాస్తారు, ఆ కంప్యూటరుకి తెలుగు అక్షరమే కనపడదు."

"అవన్నీ నిజమేనండీ పద్మావతి గారూ, కాదన్నానా? కానీ మేనేజ్‌మెంటుకి చెట్లు, ఆకుకూరలు చెబితే వింటారా? వాళ్ళకొక అంకె కావాలి" అన్నారు. నిజంగానే ఆయన కష్టం ఆయనది.

రాయి విసిరితే రావుగారు

ఆ బోర్డులో మొదటి పేరు కె.వి. రావు. మా కెమిస్ట్రీ లెక్చరరు కోసూరి వెంకటేశ్వరరావు గారన్నమాట. గుడివాడ మనిషి, నాతోపాటే రోజూ పాసింజర్లో వచ్చేవారు. మంచి పాఠం చెబుతారు, పేపర్లూ బాగానే రాస్తారు. కానీ బోర్డు మీద ఆయన అంకె చూస్తే కళ్ళు తిరిగేవి. రెండో పేరుకీ ఆయనకీ మధ్య ఏటికి ఈ ఒడ్డు, ఆ ఒడ్డు. కాలేజీ బ్రోషరు మీద కూడా ఆయన ఫోటో వేశారు.

నాకు అనుమానమొచ్చి ఆయన ఖాతా తెరిచి ఒక్కో పేపరూ చూశాను. మొదటి పేజీలో రసాయనాలు. రెండో పేజీలో రొయ్యల జబ్బులు. ఇంకా కిందికెళితే కూచిపూడి నాట్యంలో హస్తముద్రల గురించి ఇంగ్లీషులో ఒక వ్యాసం!

విషయం నాకు అర్థమైంది, మీకూ అర్థమయ్యే ఉంటుంది. మనకి ఇంటిపేరు ముందుంటుంది. విదేశాల్లో తయారైన ఆ కంప్యూటరుకి ఇంటిపేరు చివరుంటుంది. అందుకని మనవాళ్ళ పేరు చివరున్న "రావు" దాని లెక్కలో ఇంటిపేరైపోయింది. కోసూరి వెంకటేశ్వరరావు, కొల్లి వాసుదేవరావు, కంచర్ల వీరభద్రరావు, ముగ్గురూ దానికి ఒకే "రావు కె.వి." కొల్లివారు రొయ్యల శాస్త్రజ్ఞుడు. కంచర్లవారు చల్లపల్లిలో పనిచేసి రిటైరైన తెలుగు మాష్టారు. మా కృష్ణా జిల్లాలో రాయి విసిరితే రావుగారి మీదే పడుతుంది. ఆ సంగతి కంప్యూటరుకి చెప్పినవాడు లేడు.

డీన్ గారికి చెప్పాను. ఆయన కాసేపు బోర్డు వంక చూశారు. "బ్రోషర్లు అచ్చయిపోయాయండీ" అన్నారు. "కమిటీ వచ్చి వెళ్ళాక నెమ్మదిగా చూద్దాం."

ఆ కమిటీయే అసలు గొడవ.

కుండీల షెడ్డు

బోర్డులో అట్టడుగున ఉన్న పేరు రత్నకుమారి. బోటనీ. దివిసీమలో కోడూరు అవతల పుట్టిన మనిషి. నోట్లో నాలుక లేదు. రోజూ లైబ్రరీలోకి వస్తూనే "వందనాలక్కా" అనేది, అంతే, ఆ తర్వాత మళ్ళీ వెళ్ళేటప్పుడే మాట.

కాలేజీ వెనక ఆమెకొక రేకుల షెడ్డుండేది. అందులో వరసగా కుండీలు. దివిసీమ శివారు భూముల్లోంచి తెచ్చిన చౌడు మట్టి వేసి, అందులో వరి పెంచేది. వేసవిలో మురుగుకాలువల్లోకి సముద్రపు నీరు ఎగదన్నుకొస్తుంది కదా, ఆ ఉప్పుకి ఏ రకం తట్టుకుంటుందన్నది ఆమె పరిశోధన. సునంద అనే మొవ్వ వైపు అమ్మాయి ఆమె దగ్గర పీహెచ్‌డీ చేస్తోంది, పని మూడొంతులైంది.

బయటి నిపుణుడితో కమిటీ వస్తుందని, అంకె తక్కువున్నవాళ్ళకి గైడుగా గుర్తింపు తీసేస్తారని కబురొచ్చింది. రత్నకుమారి గైడు కాకుండా పోతే సునంద థీసిస్ గాల్లో దీపం. కుండీల షెడ్డు పడగొట్టి అక్కడ కెమిస్ట్రీకి కొత్త యంత్రం పెడతారన్న మాట కూడా అప్పటికే తిరుగుతోంది.

రత్నకుమారిని కూర్చోబెట్టి, "ఇన్నేళ్ళు పనిచేసి ఇంత తక్కువేంటి నీకు? నీ పేపర్లన్నీ చెప్పు" అన్నాను. ఒక్కోటీ చెబుతుంటే వెతికాను. అప్పుడు బయటపడింది. పెళ్ళికి ముందు రాసినవి దాసరి రత్నకుమారి పేరు మీదున్నాయి. పెళ్ళయ్యాక రాసినవి బొల్లా రత్నకుమారి మీద. ఇంకో పత్రికవాళ్ళు ఆమె పేరుని రెండు ముక్కలు చేసి, "రత్న" ఇంటిపేరనుకుని వేరే ఖాతాలో పడేశారు. ముగ్గురు రావులు ఒకడైతే, ఒక రత్నకుమారి ముగ్గురైంది.

"అన్నీ కలిపేస్తాను. పైన ఒకటే పేరుండాలంటోంది. ఏది పెట్టమంటావు?"

ఆమె తెర మీది మూడు పేర్లనీ ఒక్కోటీ వేలితో తడిమింది.

"మొదటి పేపరు మా నాన్న పొలం మట్టి మీద రాశానక్కా. అచ్చయ్యేసరికి ఆయన లేరు. దాని మీద దాసరి అనే ఉండాలండీ" అంది.

"సరే, దాసరి అని పెడతాను."

"వద్దక్కా, ఇంట్లో బాగోదు. మా ఆయన ఏమీ అనరు గానీ, అత్తయ్య బాధపడతారు." మళ్ళీ తనే, "రెండూ వద్దండీ. వట్టి రత్నకుమారి అని పెట్టండి" అంది.

పెట్టాను. ఆ మాయదారి కంప్యూటరు ఒప్పుకోదే! ఇంటిపేరు గడి ఖాళీగా వదలకూడదట. చివరికి ఇంటిపేరు రత్నకుమారి, పేరు రత్నకుమారి అని నింపాను. రత్నకుమారి రత్నకుమారి. నాకు నవ్వాగలేదు. తలెత్తి చూస్తే ఆమె కొంగుతో కళ్ళొత్తుకుంటోంది. నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

అన్నీ కలిపాక ఆమె అట్టడుగు నుంచి కొంచెం పైకొచ్చింది. కొంచెమే. బోటనీలో, అందులోనూ చౌడు నేలల వరి మీద పనిచేసేవాళ్ళు లోకం మొత్తం మీదే తక్కువ. వాళ్ళల్లో చూస్తే ఆమె ముందు వరసలో ఉంది. కెమిస్ట్రీ పక్కన నిలబెడితే కనపడదు. "చూశారా, కలిపినా అంతే" అన్నారు డీన్ గారు, జాలిగానే.

పిల్లలూ, మీరు గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఇక్కడుంది. అంకె తప్పైతే దిద్దొచ్చు. అంకె ఒప్పై, అడిగిన ప్రశ్న తప్పైతే మాత్రం మన చేతిలో ఏమీ ఉండదు. ఎవరో ఒకరు నోరు తెరవాలి.

పాసింజర్లో

మర్నాడు సాయంత్రం రైల్లో కోసూరి వెంకటేశ్వరరావు గారు నా ఎదురుగా కూర్చున్నారు. పెడన దాటింది. ఉండబట్టలేక చెప్పేశాను, ఆయన అంకెలో మూడొంతులు ఆయనది కాదని.

ఆయన మొహం ఎర్రబడింది. "అంటే నేను దొంగనంటారా మేడమ్?"

"అయ్యో, ఆ మాటెవరన్నారండీ? మీకు తెలియకుండా జరిగింది."

కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. "తెలియకుండా అంటే..." అన్నారు నెమ్మదిగా. "రొయ్యల పేపర్లు కనపడ్డాయండీ నాకు. అప్పుడప్పుడూ కనపడుతూనే ఉన్నాయి. ఎవడో పొరపాటు చేశాడు, నాకేం పోయిందిలే అనుకున్నా." ఆ తర్వాత, "ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు? కొత్త యంత్రం నా కోసమే కదా తెప్పిస్తోంది" అన్నారు.

"నేనేమీ అననండీ. మీ ఇష్టం" అన్నాను. గుడివాడలో దిగేటప్పుడు రోజూ నా సంచీ అందించేవారు. ఆ రోజు అందించకుండానే దిగిపోయారు. కోపం తెచ్చుకున్నారు, ఇక ఆ మనిషి నోరు విప్పడు అనుకున్నాను.

రొయ్యల ఇగురు

కమిటీ రోజు సెమినార్ హాల్లో తెర మీద అందరి వివరాలు చూపించే పని నాది. బయటి నుంచి వచ్చిన నిపుణుడు పెద్దాయన, సౌమ్యుడు. మొదట కోసూరివారిని పిలిచారు. తెర మీద ఆయన పేరు, పక్కన ఆ కొండంత అంకె. డీన్ గారి మొహం వెలిగిపోతోంది.

నిపుణుడు కళ్ళజోడు సర్దుకుని, "మీ పేపర్లలో ఎక్కువమంది ఉదహరించింది రొయ్యల జబ్బు మీద రాసినదండీ. అద్భుతమైన పని. కెమిస్ట్రీ నుంచి అటువైపు ఎలా వెళ్ళారు?" అని అడిగారు.

నేను కోసూరివారి వంక చూశాను. ఒక్క మాటతో దాటేయొచ్చు. "ఆసక్తి కొద్దీ అండీ" అంటే చాలు, ఎవరూ అడగరు.

కోసూరివారు లేచి నిలబడ్డారు. "సార్, రొయ్యల గురించి నాకు తెలిసిందల్లా ఇగురండీ" అన్నారు.

నిపుణుడు ముందు అర్థంకాక చూసి, తర్వాత పకపకా నవ్వారు. హాల్లో అందరూ నవ్వారు, డీన్ గారు తప్ప. కోసూరివారు నవ్వలేదు. "ఆ పేపరు నాది కాదు సార్, కొల్లి వాసుదేవరావు గారిది. నాట్యం పేపరు కంచర్ల వీరభద్రరావు గారిది. నాది ఇందులో పావు వంతుంటుంది. ఆ బోర్డు చూసి ఎవరి షెడ్డయినా పడగొడితే ఆ పాపం నాకొద్దండీ" అని కూర్చున్నారు.

ఆ తర్వాత అంకెల మాట ఎత్తే ధైర్యం ఎవరికీ లేకపోయింది. రత్నకుమారి వంతు వచ్చినప్పుడు నిపుణుడు తెర ఆపేయమన్నారు. "మీ పని ఏమిటో చెప్పండమ్మా" అన్నారు. మా పాత ప్రిన్సిపాలు గారు గుర్తొచ్చి నాకు కళ్ళు చెమర్చాయి.

రత్నకుమారి గొప్పలు చెప్పలేదు. "ఇంకా ఏమీ తేలలేదండీ" అంది. "రెండు రకాలు నిలబడుతున్నాయి, గింజ పట్టట్లేదు. ఉప్పు పైకొచ్చే కాలం ఏడాదికొకసారే వస్తదండీ. నేను తొందరపడితే అది తొందరపడదు." ఆమెను అంతసేపు మాట్లాడగా నేను వినడం అదే మొదలు.

గుర్తింపు ఉంచేశారు. సునంద థీసిస్ పూర్తయ్యే దాకా షెడ్డు జోలికి వెళ్ళొద్దని రాశారు. ఏ సబ్జెక్టు వాళ్ళని ఆ సబ్జెక్టు వాళ్ళతోనే పోల్చమని కూడా రాశారు. బోర్డు మాత్రం తీసేయలేదు, డిపార్టుమెంట్ల వారీగా మార్చారంతే. కోసూరివారు తన డిపార్టుమెంటులోనే నాలుగో స్థానానికి దిగిపోయారు. ఆ ఏడు కాలేజీవాళ్ళు కప్పే శాలువా వేరే ఆయనకి వెళ్ళింది. కమిటీ వెళ్ళిన సాయంత్రం గుడివాడలో నా సంచీ అందిస్తూ, "తేలిగ్గా ఉందండీ మేడమ్" అన్నారు. నా సంచీ గురించో, తన గురించో నేనడగలేదు.

చల్లపల్లి పెళ్ళి

నేను రిటైరయ్యాక సునందకి డాక్టరేటు వచ్చింది, ఆ వెనకే పెళ్ళి కుదిరింది. చల్లపల్లిలో కల్యాణ మండపం. నేనూ రత్నకుమారీ కలిసి వెళ్ళాం. తలంబ్రాలయ్యాక భోజనాల దగ్గర, సునంద అత్తగారు మా బంతి దగ్గరికొచ్చి ఆప్యాయంగా అన్నీ వేయించి, పక్కనే నిలబడ్డ కోడలితో, "ఇక ఆధార్లో ఇంటిపేరు మార్పించాలమ్మా. ఆ పనేదో మావాడు చూసుకుంటాళ్ళే" అంది.

సునంద తలొంచుకునే చెప్పింది, "మార్చుకోనండీ అత్తయ్యా. మార్చుకుంటే నా పేపర్లన్నీ పుట్టింట్లోనే ఉండిపోతాయి."

ఆవిడ తేలిగ్గా నవ్వేసింది. "ఓస్, దానికేముంది తల్లీ! మర్చిపోయి వచ్చావా? మీ తమ్ముడికి చెప్పు, రేపు బండి మీద తెచ్చి పడేస్తాడు."

నాకు నవ్వొచ్చింది. రత్నకుమారికి రాలేదు. విస్తట్లో చెయ్యి ఆపి, నోట్లో నాలుక లేని ఆ మనిషి తలెత్తి, "ఆ పేపర్లు బండి మీద రావండీ వదిన గారూ" అంది. "నావి ఇరవయ్యేళ్ళు పుట్టింట్లోనే ఉండిపోయినయ్. అవి నావేనని చెప్పుకోడానికి నాకసలు ఇంటిపేరే లేకుండా చేసుకోవాల్సొచ్చింది."

ఆవిడకి ఎంతవరకు అర్థమైందో నాకు తెలియదు. రత్నకుమారి మొహం మాత్రం చూసింది, తర్వాత కోడలి మొహం చూసింది. చేతిలో ఉన్న నెయ్యి గిన్నె వంచి రత్నకుమారి అన్నంలో ఇంకాస్త వేసింది.

"అయితే వద్దులే తల్లీ," అంది కోడలితో. "మా ఇంటిపేరు మొయ్యడానికి మావాడున్నాడుగా."